మూడక్షరాల నిషేధం

మా చిట్టి పిన్ని పేరు చిట్టి కాదన్న సంగతి నాకు ఇరవై మూడేళ్ళ వయసులో, ఒక శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకి తెలిసింది. అప్పటికి పన్నెండు రోజుల ముందే ఆవిడ అసలు పేరు చెల్లదని నేను చట్టం చేసి కూర్చున్నాను.

ఫోన్ చేసింది పిన్నే.

"ఒరే సూర్యా, చిలకలగూడలో మీ ఆఫీసు వెనకాల నెట్ సెంటర్లో ఉన్నాను. ఒకసారి వస్తావేటి? ఈ కంప్యూటరు నా పేరు అబద్ధమంటోంది."

నేను నవ్వాను. కంప్యూటర్లకి అంత బుర్ర ఉండదని చెప్పి, ఇంతకీ ఏం పేరు కొట్టావని అడిగాను.

"నా పేరేరా. లోవలక్ష్మి."

నవ్వడం మానేశాను.

పిన్ని అంటే మా అమ్మ గంగాదేవికి ఆఖరి చెల్లెలు. ఇంట్లో అందరికీ చిట్టి. మెట్టుగూడలో మా వీధి వాళ్ళకి చిట్టి. పాలవాడికి చిట్టి. ఆవిడ పెళ్ళప్పుడు నాకు పదేళ్ళు. శుభలేఖలో అసలు పేరు వేసే ఉంటారు కానీ, భోజనం ఎన్ని గంటలకో చూసుకోవడం తప్ప శుభలేఖ చదివే అలవాటు నాకు ఎప్పుడూ లేదు. మా వాళ్ళలో ఇది మామూలే. మా నాన్నకి వరహాలు కాకుండా ఇంకో పేరు ఉందని రైల్వే వాళ్ళు ఇచ్చిన జీతం కాగితం చూసే వరకూ మా అమ్మకే తెలీదట.

ఇక చట్టం సంగతి.

నేను పనిచేసేది చిలకలగూడలో సోఫాలు బాగుచేసే కొట్టు మీద మూడో అంతస్తులో. రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు, ఒక నరసరాజు గారు. ఆయనే యజమాని. ఒంగోలు నుంచి వచ్చి, వెబ్‌సైట్లు కట్టిస్తానని బోర్డు పెట్టి, కట్టడానికి నన్ను పెట్టుకున్నారు. అప్పుడు నగరంలో కంప్యూటర్ పని నడుస్తున్న ఊపు ఎలా ఉండేదంటే, సోఫా కొట్టు వాడు కూడా తన బోర్డు మీద డాట్ కామ్ అని రాయించుకున్నాడు. వాడికి వెబ్‌సైట్ లేదు. డాట్ కామ్ మాత్రం ఉంది.

ఒక బ్లడ్ బ్యాంకు వాళ్ళు ఆరు లేబ్ టెక్నీషియన్ ఉద్యోగాలకి దరఖాస్తులు నెట్‌లోనే తీసుకోవాలని మాకు పని ఇచ్చారు. ఫారం నేను కట్టాను. సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి కొన్ని ఉత్తుత్తి దరఖాస్తులు పెట్టాను. ఐ లవ్ యూ రెడ్డి, తండ్రి పేరు బ్రేకప్ రావు. లవ్లీ లింగం. లవ్ కుమార్ గుప్తా, విద్యార్హత పదిసార్లు పది. మొత్తం పద్నాలుగు మంది. చిరునామా దగ్గర ఏం రాయాలో తోచక ఆ బ్లడ్ బ్యాంకు ఛైర్మన్ గారి ఇంటి చిరునామా రాశాను. తరవాత వాటిని తీసెయ్యడం మర్చిపోయాను. మర్చిపోయాను అనేది నేను ఆఫీసులో ఇచ్చిన వివరణ.

వాళ్ళ గుమస్తా ఎవరో చాలా నిజాయితీపరుడు. గడువు ముగిసేదాకా ఆగకుండానే ఆ పద్నాలుగు మందికీ ఇంటర్వ్యూకి రమ్మని రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరాలు పంపాడు. ఛైర్మన్ గారు బనీనుతో గుమ్మంలో నిలబడి, ఐ లవ్ యూ రెడ్డి తరఫున సంతకం పెట్టి ఉత్తరం తీసుకున్నారని విన్నాను. ఆయన భార్య ఆ ఉత్తరం గురించి మూడు రోజులు ప్రశ్నలు అడిగారని కూడా విన్నాను.

ఆ తరవాత నరసరాజు గారు రెండు పనులు చేశారు. సర్వర్ పాస్‌వర్డ్ నా దగ్గర నుంచి తీసేసుకున్నారు. ఇక ముందు ఈ ఫారంలో ప్రేమ అన్నది దోమంత కూడా దూరకూడదని ఆజ్ఞాపించారు.

పేరు రాసే గడిలో ఏ అక్షరాలు ఉండొచ్చో ఏవి ఉండకూడదో చెప్పడానికి మా పనిలో ఒక పద్ధతి ఉంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. ఒకే ఒక్క వరస. చూస్తే కీబోర్డు మీద పిల్లి నడిచినట్టు ఉంటుంది. కానీ గడిలో ఎవరేం కొట్టినా ముందు ఆ వరస చూసి, సరే అంటేనే లోపలికి పోనిస్తుంది. నెట్ సెంటర్ కుర్రాళ్ళు లవ్ అన్న మాటని ఒక్కొక్కడూ ఒక్కోలా రాస్తారు. చివర ఇ లేకుండా రాస్తారు, నాలుగు వి లు పెట్టి రాస్తారు, మధ్యలో చుక్కలు పెడతారు, ఖాళీలు వదుల్తారు. అందుకని నేను చాలా శ్రద్ధగా రాశాను. ఖాళీలు, చుక్కలు లెక్కలోకి రావు. ఇంగ్లీషు అక్షరాల్లో చిన్న బడి, పెద్ద బడి తేడా లేదు. ఎల్, ఓ, వి అనే మూడక్షరాలూ పేరులో ఎక్కడ పక్కపక్కన కనబడినా ఆ పేరు చెల్లదు.

నా జీవితంలో అంత శ్రద్ధగా చేసిన పని ఇంకోటి లేదు. ఆ శ్రద్ధే మా పిన్నిని పట్టుకుంది.

లోవ నాకు తెలీనిది కాదు. తుని దగ్గర కొండల మధ్య ఉన్న లోవ తలుపులమ్మ దగ్గరకి చిన్నప్పుడు నన్ను నాలుగు సార్లు తీసుకెళ్ళారు. చెట్ల కింద వండిన కోడికూర తిన్నాను. ఆ తల్లికి మొక్కుకుని పుట్టిన వాళ్ళు లోవరాజులు, లోవలక్ష్ములు, లోవతల్లులు అవుతారని కూడా తెలుసు. కానీ అదంతా నా బుర్రలో తెలుగు లిపిలో ఉంది. ఫారం ఇంగ్లీషులో ఉంది. లోవ ఇంగ్లీషులోకి రాగానే దాని మొదటి మూడక్షరాలు లవ్‌లో మొదటి మూడక్షరాలేనన్న ముక్క నాకు పిన్ని ఫోన్‌లో తన పేరు చెప్పిన క్షణం వరకూ తట్టలేదు.

నెట్ సెంటర్‌కి పరిగెత్తాను. దేవానందం అన్న గల్లాపెట్టె దగ్గర మొహం వేలాడేసుకుని ఉన్నాడు. ఆ సెంటర్ ఆయనదే.

"ఏంది తమ్మీ, మీ పిన్ని వచ్చినసంది నా సిస్టం పరేషాన్ అయితున్నది. ఇప్పుడు ఏ సిస్టంల సుత ఆ ఫారం తెరుస్తలేదు. రేపటి దాక బంద్ అని రాసి చూపిస్తున్నది. ఎవడు కట్టిండో గానీ, వాని చెయ్యి ఇరగ."

వాడి చెయ్యి విరగాలని నేను కూడా ఒప్పుకున్నాను.

ఇది కూడా నా శ్రద్ధే. ఎవరైనా చెల్లని పేరు అయిదు సార్లు కొడితే, ఆ నెట్ సెంటర్ నుంచి మర్నాటి వరకూ ఫారం తెరుచుకోకుండా చేశాను. పిన్ని పొద్దున్న నేరేడ్‌మెట్‌లో ఒక సెంటర్, ఆ తరవాత మెట్టుగూడలో ఇంకో సెంటర్ మూయించి వచ్చింది. ఇది మూడోది. సికింద్రాబాద్ నెట్ వ్యాపారం మీద ఇంత దెబ్బ ఒక్క రోజులో ఎవరూ కొట్టి ఉండరు.

పిన్ని మూలన కుర్చీలో, ఒళ్ళో ప్లాస్టిక్ ఫైలు పెట్టుకుని కూర్చుంది. నేరేడ్‌మెట్‌లో ఒక చిన్న లేబ్‌లో పదకొండేళ్ళుగా తాత్కాలికంగా పనిచేస్తోంది. ఆవిడ తీసిన రక్తంతో ఒక చెరువు నిండుతుంది. అయినా ఇప్పటికీ ఆ లేబ్‌లో ఎవరైనా అడిగితే కొత్తగా వచ్చినావిడ అనే చెబుతారు. బ్లడ్ బ్యాంకు ఉద్యోగానికి ముప్పై అయిదు నిండకూడదు. పిన్నికి వచ్చే నెల రెండో తారీకున నిండుతాయి. దరఖాస్తుకి ఆఖరి గడువు మాత్రం ఆ శుక్రవారమే సాయంత్రం అయిదు గంటలు. ఈ ఆరు ఉద్యోగాలు పోతే మళ్ళీ ఎవరైనా పిలిచేసరికి ఆవిడ వయసు దాటిపోతుంది. ఉద్యోగం రాకపోతే నవ్వుతారని ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. మా అమ్మకి కూడా.

ఆవిడ మూడు సెంటర్లలో కంప్యూటర్ తనతో ఏమన్నదో ఒక కాగితం మీద రాసుకుంది. లేబ్‌లో పనిచేసేవాళ్ళు కదా, ఏది జరిగినా రాసుకుంటారు. ఆ కాగితం నాకు చదివి వినిపించింది.

మొదటిసారి కొడితే, వేళాకోళం వద్దు, మీ నిజమైన పేరు రాయండి అంది. రెండోసారి, మళ్ళీ అదే పేరా, కొంచెం ఆలోచించి రాయండి అంది. మూడోసారి, ఈ సంగతి మీ ఇంట్లో వాళ్ళకి తెలుసా అంది. నాలుగోసారి, మీ అమ్మానాన్నలు మీకిలాంటి పేరు పెట్టి ఉండరు అంది.

అవన్నీ నేనే రాశాను. రాసేటప్పుడు కుర్చీలోంచి కింద పడేంత నవ్వుకున్నాను. పిన్ని గొంతులో వింటుంటే అందులో నవ్వొచ్చే ముక్క ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది.

"నాలుగోది చూసి బాధేసిందిరా," అంది పిన్ని కాగితం మడుస్తూ. "మా అమ్మకి నా ముందు ఇద్దరు పోయారు. లోవకి నడిచెళ్ళి మొక్కుకుంటే నేను దక్కాను. ఇంకేం పేరు పెడతాది?"

నేను చెప్పులు చూసుకున్నాను. ఆ ఫారం నేనే కట్టానని చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచి, లోవలో వి బదులు డబ్ల్యూ పెట్టి చూద్దామా అన్నాను.

పిన్ని ఫైలు తెరిచి పదో తరగతి సర్టిఫికెట్ చూపించింది. డిప్లొమా చూపించింది. రెండిట్లోనూ వి ఉంది. సర్టిఫికెట్లో ఉన్నట్టే పేరు రాయాలని, ఒక్క అక్షరం తేడా వచ్చినా దరఖాస్తు చెత్తబుట్టలోకి పోతుందని ఫారం పైన ఎర్ర అక్షరాల్లో ఉంది. ఆ ఎర్ర రంగు కూడా నేనే ఎంచుకున్నాను.

పావుగంటలో వస్తానని చెప్పి ఆఫీసుకి వచ్చాను.

నా కంప్యూటర్లో ఆ వరస మార్చడానికి అర నిమిషం పట్టింది. కానీ దాన్ని సర్వర్ మీదకి పంపితేనే లోకానికి పనికొస్తుంది. పాస్‌వర్డ్ నరసరాజు గారి తలకాయలో ఉంది. ఆయన గదిలోకి వెళ్ళి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మా పిన్ని పేరు లోవలక్ష్మి అని, ఫారం తీసుకోవడం లేదని, అయిదు గంటలకి గడువు అని.

ఆయన చాలాసేపు నా మొహంలోకి చూశారు.

"లోవలక్ష్మా," అన్నారు. "పోయినసారి లవ్లీ లింగం. ఇప్పుడు ఆడపేరు తెచ్చినావు. నాకు కథలు చెప్పబాక సూర్యా."

నిజం చెప్పేటప్పుడు మొహం ఎలా పెట్టుకోవాలో నాకు అలవాటు లేదు. పెట్టిన ప్రతి మొహం అబద్ధంలాగే వచ్చింది. తలుపులమ్మ గురించి చెప్పాను. ఒంగోలులో అలాంటి పేరు ఎన్నడూ వినలేదన్నారు. ఒంగోలులో వినకపోతే అది లేనట్టే. ఒట్టు వేశాను. నా ఒట్లు ఆయన దగ్గర అప్పటికే చాలా పోగుపడి ఉన్నాయి. పైగా బల్ల మీద ఉన్న కాగితాల కట్ట తీసి నా ముందు పెట్టారు. ఈ పన్నెండు రోజుల్లో ఫారం తిప్పికొట్టిన పేర్లన్నీ అచ్చుతీయించారు. మూడొందల పన్నెండు. ఛైర్మన్ గారు ఈ జాబితా చూసి, రాష్ట్రంలో ఇంతమంది కొంటెవాళ్ళు ఉన్నారా అని ఆశ్చర్యపోయి, మనని మెచ్చుకున్నారట. ఆ మెచ్చుకోలు పోగొట్టే పని ఏదీ ఆయన చెయ్యరట.

నేనే ఆ పిన్నిని తీసుకొస్తానన్నాను. తీసుకురమ్మన్నారు. వెనక్కి వాలి కూర్చుని, ఆటకి టికెట్ కొన్నవాడిలా చేతులు కట్టుకున్నారు.

అప్పటికి మూడున్నర దాటింది. మూడు అంతస్తులూ ఎక్కి పిన్ని ఆయాసపడుతూ వచ్చింది. నరసరాజు గారు మర్యాదగా లేచి నిలబడి, కూర్చోమని, మంచినీళ్ళు ఇప్పించి, తరవాత నావైపు తిరిగి, ఈవిడని ఎక్కడినుంచి తెచ్చావని అడిగారు. ఆయన తప్పు లేదు. అంతకు ముందు ఏడాది నేను మా వీధి ఇస్త్రీ ఆయనకి కళ్ళజోడు పెట్టి, ఆదాయపు పన్ను అధికారి అని తీసుకొచ్చాను. ఆయన నరసరాజు గారి రెండు చొక్కాలు ఇస్త్రీకి తీసుకుని వెళ్ళిపోయాడు.

పిన్ని సర్టిఫికెట్లు తీసి బల్ల మీద పెట్టింది. ఆయన వాటిని వెలుతురుకి పెట్టి చూశారు. గోటితో గీకారు. మన రంగుల ప్రింటర్లో వేశావా అని నన్ను అడిగారు. గడియారం నాలుగుకి దగ్గరపడుతోంది. నాకు ఆయన ముందు బల్ల మీద పడుకుని ఏడవాలనిపించింది. ఏడిస్తే అది కూడా బాగా చేశావంటారు.

పిన్ని నీళ్ళ గ్లాసు పక్కన పెట్టింది.

"చూడండి బాబూ," అంది. "మీరు నన్ను నమ్మాలని నేను రాలేదు. అప్లికేషన్ వెయ్యడానికొచ్చాను. ఆ కాగితాలు ఏటవి?"

వెక్కిరింపు పేర్ల జాబితా అని చెప్పి ఆయన ఇచ్చారు. పిన్ని మొదటి పేజీ చదివింది. నవ్వలేదు. పెన్ను అడిగి తీసుకుని, రోగుల రిపోర్టు చూసినట్టు ఒక్కో వరసా చూస్తూ, అక్కడక్కడ టిక్కు పెట్టడం మొదలుపెట్టింది. లవర్ బాయ్‌ని వదిలేసింది. పక్కన లోవరాజుకి టిక్కు. లవ్ గురుని వదిలేసింది. లోవతల్లికి టిక్కు. లోవబాబు, లోవకుమారి, సత్యలోవరాజు. పేజీ తిప్పింది. ఒక చోట పెన్ను ఆగిపోయింది.

పెంటకోట లోవరాజు అట. కాకినాడలో డిప్లొమా తనతో పాటే చదివాడట. క్లాసులో ఎవరూ పట్టలేని నరాన్ని కళ్ళు మూసుకుని పట్టేవాడట. ఫారంలో మొదటి గడి ఫోన్ నంబరుది కాబట్టి పేరు పక్కన అది కూడా ఉంది. ఫోన్ చెయ్యమంది.

నరసరాజు గారు నన్ను దూరంగా జరగమన్నారు. కనుసైగ చేస్తానని అనుమానం. ఆయనే నంబరు నొక్కి, అందరికీ వినిపించేలా పెట్టారు. అవతల ఎవరో ఎత్తారు. ఫలానా దరఖాస్తు ఫారం తాలూకు మాట్లాడుతున్నామని ఆయన చెప్పీ చెప్పకముందే అవతలి మనిషి అందుకున్నాడు.

"ఓ, మీరేనా. అయితే ఒక్క మాట చెప్పండి. నా పేరు నేను పదకొండు సార్లు కొట్టాను. మూడు రోజులు కొట్టాను. మీ ఇంట్లో వాళ్ళకి తెలుసా అనడిగింది మీ కంప్యూటరు. నా పేరు మా ఇంట్లో వాళ్ళకి తెలీకపోతే ఇంకెవడికి తెలుస్తాది బాబూ? మా నాన్న బతికుంటే ఈ మాట ఆయన్నే అడుగుదును. మీకు వద్దంటే వద్దని చెప్పండి. పేరేటి చేసింది?"

నరసరాజు గారి వేలు జాబితా మీద పాకింది. లోవరాజు, మొదటి రోజు అయిదు సార్లు. రెండో రోజు అయిదు సార్లు. మూడో రోజు ఒక్కసారి. పదకొండు. మూడో రోజు ఒక్కసారే కొట్టి ఎందుకు ఊరుకున్నాడో ఎవరికీ చెప్పనవసరం లేకపోయింది.

మళ్ళీ ఫోన్ చేస్తానని చెప్పి ఆయన పెట్టేశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. జాబితాలో టిక్కులు ఎన్నున్నాయని పిన్నిని అడిగారు. అరవై నాలుగట.

"ఏంది సూర్యా ఇది," అన్నారు. ఆ గొంతుతో ఆయన నన్ను అంతకు ముందెప్పుడూ తిట్టలేదు. తిట్టు కూడా కాదది.

నాలుగున్నరకి నన్ను గోడవైపు తిరిగి నిలబడమని, పాస్‌వర్డ్ కొట్టారు. ఒక్కో అక్షరానికి ఒక్కో వేలు వెతుక్కుంటూ కొడతారు. రెండుసార్లు తప్పు కొట్టారు. మూడోసారి తప్పు కొడితే సర్వర్ గంటసేపు ఎవరినీ రానివ్వదు. ఆ ఏర్పాటు ఎవరు చేశారో ఆ గదిలో ఎవరూ అడగలేదు. నేను గోడ మీద క్యాలెండర్ వైపు చూస్తూ, ఇక ముందు జీవితంలో ఏ పనీ శ్రద్ధగా చెయ్యనని మొక్కుకున్నాను. మూడోసారి సర్వర్ తలుపు తెరుచుకుంది.

ఆ వరస మొత్తం పీకేశాను. సగం ఉంచుదామా, లోవకి మాత్రం మినహాయింపు ఇద్దామా అని ఆలోచించే తెలివి నాకు వచ్చింది కానీ, నా తెలివిని ఆ రోజుకి నేనే నమ్మలేదు. ఐ లవ్ యూ రెడ్డి కూడా వస్తే రానీ. వాడికి ఇంటర్వ్యూ పెట్టుకుంటే పెట్టుకోనీ. ఫైలు సర్వర్ మీదకి పాకడం మొదలుపెట్టింది. సగంలో నెట్ పోయింది. కింద సోఫా కొట్టు వాడు మేకు కొడితే మా వైరు ఊడుతుంది. నేను కిందకి దిగి, డాట్ కామ్ బోర్డు కింద నిలబడి, ఇరవై నిమిషాల పాటు మేకులు కొట్టొద్దని వాడికి దండం పెట్టాను. నేను దండం పెడుతుంటే ఇందులో ఏదో ఉందని వాడు సుత్తిని వీపు వెనక దాచుకున్నాడు.

నాలుగూ నలభై ఎనిమిదికి ఫైలు చేరింది.

పిన్నిని నా కుర్చీలో కూర్చోబెట్టాను. తను చెబితే నేను కొడతానన్నాను. ఒప్పుకోలేదు. రెండు చూపుడు వేళ్ళతో, సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని, ఎల్ నుంచి మొదలుపెట్టి చివరి ఐ వరకూ కొట్టింది. పదకొండు అక్షరాలు. నేను, నరసరాజు గారు వెనక నిలబడి చూశాం. గడి ఏమీ అనలేదు. కిందకి పోనిచ్చింది. తండ్రి పేరు, పుట్టిన తేదీ, చదువు, అనుభవం. అనుభవం గడిలో పదకొండు సంవత్సరాలు అని కొట్టి, ఒకసారి చదువుకుని, పంపు అన్న చోట నొక్కింది.

నాలుగూ యాభై ఆరుకి తెర మీద నంబరు వచ్చింది. పిన్ని దాన్ని కాగితం మీద రాసుకుంది. ప్రింటు తీసి ఇస్తానన్నా వినలేదు, ముందు రాసుకుంది.

"మిగతా అరవై నాలుగు మంది?" అని అడిగింది.

అయిదుకి నాలుగు నిమిషాలుంది. నరసరాజు గారు నావైపు చూశారు. ఫారం అయిదింటికి మూసుకునేది కూడా ఒక్క వరస మీదే. ఛైర్మన్ గారిని అడగాలంటే ఆయన ఆ వేళకి నడకకి వెళ్తారు, ఫోన్ తీసుకెళ్ళరు. నరసరాజు గారు ఫోన్ చేతిలోకి తీసుకుని, మళ్ళీ పెట్టేసి, మూసే తారీకు రేపటికి మార్చమన్నారు.

"ఎవరైనా అడిగితే నువ్వే కొంటెతనంగా చేసినావని చెప్తా," అన్నారు. "నమ్ముతారు."

మార్చాను. నెట్ సెంటర్లను మూసే ఏర్పాటు, వెక్కిరింపు మాటలు కూడా పీకేశాను. అప్పుడాయన నా భుజం తట్టి, ఆ మాటలన్నీ మా సూర్యే రాశాడమ్మా, తెలివిగలవాడు కానీ ఆ తెలివి ఎటు పోతుందో వాడికే తెలీదు అని పిన్నితో అన్నారు.

నేను ప్రింటర్ వైపు తిరిగి, అందులో కాగితం ఉందో లేదో చాలా జాగ్రత్తగా పరిశీలించాను.

పిన్ని ప్రింటు మడిచి ఫైలులో పెట్టుకుంది. సాయంత్రం డ్యూటీకి నేరేడ్‌మెట్ బస్సు అందుకోవాలంది. మెట్ల దాకా ఆవిడ వెనకే వెళ్ళాను. పిన్నీ అన్నాను. రెండు మెట్లు దిగి ఆగింది.

"మూడోది చూసినప్పుడే అనుకున్నానురా," అంది వెనక్కి తిరక్కుండా. "చిన్నప్పుడు పాలవాడితో కూడా ఇదే మాటనేవాడివి. కాకపోతే, మా సూర్యకి నా పేరు తెలుసు కదా, వాడెందుకు రాస్తాడు అనుకున్నాను."

అంతే. గోడ పట్టుకుని నెమ్మదిగా దిగి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. నేను తిట్లకి అలవాటుపడ్డ మనిషిని.

పైకి వచ్చి జాబితా తీసుకుని ఫోన్ దగ్గర కూర్చున్నాను. పెంటకోట లోవరాజు ముందు నమ్మలేదు, తరవాత నమ్మాడు, ఆ తరవాత నన్ను తుని భాషలో ఉన్న మాటలన్నీ అన్నాడు. కొన్ని కొత్తగా నేర్చుకున్నాను. కొందరు ఫోన్ ఎత్తలేదు. ఒకాయన వేరే ఉద్యోగం చూసుకున్నానని చెప్పి పెట్టేశాడు. ఒక్కో ఫోన్‌కి ఆ ఫారం కట్టింది నేనే అని మొదట చెప్పుకోవాల్సి వచ్చింది. ఎన్నిసార్లు చెప్పినా అది నోటికి అలవాటు కాలేదు.

పందొమ్మిదో నంబరు పార్వతీపురం దగ్గర ఒక ఊరిది. లోవతల్లి. వెనక చంటిపిల్ల ఏడుస్తోంది. రేపు సాయంత్రం దాకా గడువు పెంచామని, మళ్ళీ ప్రయత్నించమని చెప్పాను. తమ ఊళ్ళో నెట్ సెంటర్ లేదని, పార్వతీపురం పోవాలని, పోయినసారి పిల్లని ఎత్తుకుని రెండు రోజులు తిరిగి వచ్చీసానని చెప్పింది. ఇక తిరగలేనంది. కోపంగా అనలేదు.

కాగితాలు దగ్గర పెట్టుకుని ఫోన్‌లోనే చెప్పమన్నాను, ఇక్కడ నేను కొడతానన్నాను. పెట్టె తెరిచిన చప్పుడు, కాగితాల చప్పుడు. నేను ఫారం తెరిచి, పేరు గడి మీద వేలు పెట్టుకుని, పేరు సర్టిఫికెట్లో ఉన్నట్టు ఒక్కో అక్షరం చెప్పమన్నాను.

"ఎల్," అంది. "ఓ. వి."

అక్కడ ఆగింది. నేనేమంటానో అని చూస్తోంది.

"చెప్పండమ్మా," అన్నాను. "రాసుకుంటున్నాను."